వరద జోన్ బయటి ఇల్లు వద్దన్నాను, జోన్ లోపలి స్థలం కొనమన్నాను: ఒక కేస్ స్టడీ

ఇల్లు కొనబోయేవాళ్ల తరఫున ఆ ఇంటిని ముందుగా పరీక్షించి చెప్పడం నా పని. చదివింది సివిల్ ఇంజినీరింగ్. మొదట్లో పగుళ్లు, శ్లాబు, చెమ్మ, వైరింగ్ చూసి రిపోర్టు ఇచ్చేదాన్ని. ఇప్పుడు నా సమయంలో సగం నీళ్లకే పోతోంది. ఈ కేసు గురించి రాయడానికి ఆ దంపతులు ఒప్పుకున్నారు. వాళ్ల పేర్లూ ఊరూ రాయను.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, ఇద్దరు చిన్నపిల్లలు. ఆవిడ తల్లిగారు వీళ్ల దగ్గరే ఉంటారు. మోకాళ్లు అరిగిపోవడంతో ఆమె నాలుగు మెట్లు కూడా ఎక్కలేరు. లోను 25 ఏళ్లకు. ముందు రెండు దారులున్నాయి. మొదటిది కాలనీలో కట్టి ఉన్న ఇల్లు: కింద సెల్లార్, పైన ఒక అంతస్తు, ప్రభుత్వ వరద మ్యాప్‌లో జోన్‌కి 60 మీటర్ల అవతల. రెండోది నదికి దగ్గరగా ఖాళీ స్థలం, మ్యాప్‌లో ముంపు జోన్ అని లేత నీలం రంగు పడిన చోట. ధర తక్కువే అయినా దాన్ని దాదాపు వదిలేసుకున్నారు. నన్ను పిలిచింది కట్టిన ఇంటికి పగుళ్లున్నాయేమో చూడమని.

"వరద సంగతి చూడక్కర్లేదు మేడమ్, జోన్ బయటే ఉంది కదా" అన్నారాయన. ఆ మాట నమ్మి ఒకప్పుడు నేనూ ఒక కుటుంబానికి సరేనని రిపోర్టు ఇచ్చాను. రెండేళ్లు తిరక్కుండా వాళ్ల హాల్లో తొడలోతు నీళ్లు నిలిచాయి. ఆ ఫోన్ కాల్ ఇంకా మర్చిపోలేదు. అందుకే అడిగినా అడగకపోయినా నీళ్ల దారి చూడకుండా నేనిప్పుడు ఏ రిపోర్టు మీదా సంతకం పెట్టను.

గోడలు చెప్పింది

కొత్తగా రంగు వేసిన ఇల్లు. అమ్మేవాళ్ల ఏజెంటు గుమ్మంలోనే "ఈ ఇంట్లోకి చుక్క నీరు రాలేదండీ" అన్నాడు. నేనింకా ఏమీ అడగలేదు.

హాల్లో టార్చిలైటు గోడకి ఆనించి పక్కవాటుగా వేశాను. ఇలా వేస్తే రంగు కింద దాగిన ఎగుడుదిగుళ్లు నీడలై కనిపిస్తాయి. నేల నుంచి సుమారు 45 సెం.మీ. ఎత్తున నాలుగు గోడల మీదా ఒకే గీత తేలింది. దాని కింద ప్లాస్టరు కొత్తది, పైన పాతది. పైపు లీకైతే చెమ్మ ఒక గోడకే పడుతుంది, ఎత్తు కూడా ఒకేలా ఉండదు. అన్ని గదుల్లో ఒకే మట్టంలో గీత ఉందంటే అది నీరు నిలిచిందనడానికి ఆనవాలే. పడకగదిలో గోడకి బిగించిన అలమర వెనక పాత రంగు అలాగే ఉంది, దాని మీద ఎండిన ఒండ్రు చార. తలుపు చట్రాల అడుగుభాగం ముక్క కోసి కొత్త చెక్క అతికారు. హాల్లో స్విచ్‌బోర్డులు ఒక ఎత్తులో, ప్లగ్ పాయింట్లు మాత్రం ఎవరూ పెట్టని ఎత్తులో ఉన్నాయి. గేటు కింది మడతబందు తుప్పు పట్టింది, పైది శుభ్రంగా ఉంది.

సెల్లార్‌లో గోడ అడుగున తెల్లగా ఉప్పు తేలింది. మీటర్ల బోర్డు సెల్లార్‌లోనే, నేలకి 60 సెం.మీ. ఎత్తున ఉంది. దాని పెట్టె మూల వేలు పెట్టి తీస్తే మెత్తటి బురదపొడి వచ్చింది.

తర్వాత ఏజెంటు లేకుండా వీధిలో తిరిగాను. ఏ ఇంటికి వెళ్లినా నేను చేసే పనే ఇది. వీధిలో అందరికన్నా పాతకాపు ఎవరో కనుక్కుని వాళ్ల తలుపు తట్టాలి. మూడిళ్ల అవతల ఉన్న పెద్దావిడ "రా అమ్మా, చూపిస్తా" అంటూ గోడవారకు తీసుకెళ్లారు. గచ్చు మీద మేకుతో గీసిన రెండు గీతలున్నాయి. కిందిది ఎనిమిదేళ్ల కిందటిది, పైది మూడేళ్ల కిందటిది. "పై కాలనీలు రాకముందు ఇటు నీళ్లు రావడం నేనెరుగను" అన్నారామె. నా దృష్టిలో ఆ రెండు గీతలు ఏ రంగుల మ్యాప్ కన్నా విలువైనవి.

మ్యాప్ చెప్పనిది

మ్యాప్ అబద్ధమాడలేదు. నది పొంగితే ఆ నీరు ఎక్కడిదాకా వస్తుందో అది చెప్పింది, అంతే. ఈ వీధికి వచ్చేది నది నీరు కాదు, వాన నీరు. పైనున్న కాలనీల కప్పుల మీద, రోడ్ల మీద పడి ఇటు దిగివచ్చే నీరు. చాలా మ్యాపుల్లో ఈ రకం ముంపు లెక్కకే రాదు. 2017లో హార్వీ తుఫాను సమయంలో అమెరికాలోని హ్యూస్టన్ ప్రాంతంలో మునిగిన ఇళ్లలో సగానికి పైగా వందేళ్ల వరద జోన్‌కి బయటివే. గీత బయట ఉన్నామనే ధైర్యంతో బీమా తీసుకోని కుటుంబాలు అక్కడ ఎన్నో.

"వందేళ్ల వరద" అనే పేరే మనుషుల్ని తప్పుదారి పట్టిస్తోంది. వందేళ్లకోసారి వస్తుందని, నిరుడు వచ్చింది కాబట్టి ఇక మన తరంలో రాదని అనుకుంటారు. అసలు అర్థం, అంతటి వరద ఏ ఏడాదైనా రావడానికి 1 శాతం అవకాశం ఉందని. నిరుడు వచ్చినా ఈ ఏడు మళ్లీ అదే 1 శాతం. వీళ్ల 25 ఏళ్ల లోను కాలానికి లెక్కేస్తే ఒక్కసారైనా వచ్చే అవకాశం సుమారు 22 శాతం, 30 ఏళ్లకైతే 26. పదేళ్ల వరద అనేదాన్ని తీసుకుంటే 25 ఏళ్లలో ఒక్కసారైనా చూసే అవకాశం 93 శాతం. అంటే రావడం దాదాపు ఖాయమని లెక్కవేసుకోవాలి. ఈ అంకెలు కాగితం మీద రాసి చూపించినప్పుడు ఆయన మాట్లాడలేదు. ఆవిడ మాత్రం "లోను తీరేలోపు నాలుగో వంతు ఛాన్సన్నమాట" అన్నారు. సరిగ్గా పట్టుకున్నారు.

మరి నది లేకుండా ఈ వీధికి నీళ్లెందుకు వస్తున్నాయి? ఇంటికి 150 మీటర్ల దూరంలో రోడ్డు కింద ఒక కల్వర్టు ఉంది. అందులో 900 మి.మీ. వ్యాసం గల పైపు ఒక్కటే. 200 మీటర్లకు 1 మీటరు వాలు. నిండుగా పారితే అది సెకనుకు సుమారు 1.3 ఘనపు మీటర్ల నీటిని దాటించగలదు. పైనుంచి దానిలోకి నీరు దింపే నేల సుమారు 20 హెక్టార్లు. ఒకప్పుడు అదంతా తోటలు, బీళ్లు. గంటకు 60 మి.మీ. చొప్పున వాన పడినా మూడొంతుల దాకా నేల తాగేసేది. అప్పుడు కల్వర్టు దాకా వచ్చేది సెకనుకు దాదాపు ఒక ఘనపు మీటరు. పైపు సరిపోయింది. ఇప్పుడు అక్కడంతా కాంక్రీటు. అదే వానలో పదింట ఎనిమిది వంతులు కిందికి పారుతుంది, సెకనుకు దాదాపు 2.7 ఘనపు మీటర్లు. పైపు పట్టేదానికి రెట్టింపు. మిగిలింది రోడ్డెక్కుతుంది. నీరు పల్లమెరుగు. ఈ వీధే ఆ పల్లం. పెద్దావిడ గోడ మీది రెండు గీతలూ కాలనీలు లేచాకే పడటానికి కారణం ఇదే.

ఈ లెక్కకు ఇంజినీరు అక్కర్లేదు. చదరపు మీటరు మీద 1 మి.మీ. వాన పడితే 1 లీటరు. ఎంత కప్పు, ఎంత రోడ్డు మన ఎగువన ఉందో చూసి, ఆ నీరంతా ఏ తూములోంచి పోవాలో వెతికితే చాలు. తూములో సగం దాకా చెత్త ఉంటే సమాధానం అక్కడే దొరికినట్టు.

కొలత

మర్నాడు ఉదయం ఎత్తుపల్లాలు కొలిచే ఆటో లెవెల్ పరికరం తీసుకెళ్లి మట్టాలు కొలిచాను. గేటు ముందు రోడ్డు మధ్యభాగాన్ని సున్నా అనుకుంటే: సెల్లార్ ర్యాంపు అంచు 8 సెం.మీ. పైన, ఇంటి గడప 25 సెం.మీ. పైన, పెద్దావిడ గోడ మీది పై గీత 42 సెం.మీ. పైన. అంటే మూడేళ్ల కిందట గడప దాటి లోపల కనీసం 17 సెం.మీ. నీరు నిలిచింది. గోడల్లోని చెమ్మ పైకి పాకుతుంది కాబట్టి ప్లాస్టరు అంతకన్నా ఎత్తుగా చెక్కాల్సి వచ్చింది. లెక్క కుదిరింది.

ఆ ఇల్లు కట్టినప్పుడు గడప రోడ్డుకు 60 సెం.మీ. ఎత్తున ఉండేదట. ప్రతి నాలుగైదేళ్లకోసారి పాత రోడ్డును గీకకుండా దానిమీదే కొత్త పొర వేస్తూ పోయారు. ఇల్లు దిగలేదు, రోడ్డే లేచింది. ఇది చాలామందికి తట్టదు. ఇల్లు చూసేటప్పుడు గడప ఎత్తు పునాది నుంచి చూస్తారు గానీ రోడ్డు నుంచి చూడరు.

నన్ను అన్నిటికన్నా భయపెట్టింది సెల్లార్. ర్యాంపు వెడల్పు 3 మీటర్లు. దాని అంచు మీంచి 10 సెం.మీ. మందాన నీరు దూకితే చాలు, 120 చదరపు మీటర్ల సెల్లార్ అరగంటలో కప్పుదాకా నిండుతుంది. చూసేవాళ్లకు రోడ్డు మీద పిక్కలోతు నీళ్లే కనిపిస్తాయి, కారు తీసేద్దామని దిగుతారు. 2022 సెప్టెంబరులో హిన్నమ్నోర్ తుఫాను వచ్చినప్పుడు దక్షిణ కొరియాలోని పోహాంగ్ నగరంలో ఒక అపార్ట్‌మెంట్ సముదాయం భూగర్భ పార్కింగ్‌లో కార్లు తీయడానికి వెళ్లి 7 మంది చనిపోయారు. సెల్లార్ ఉన్న ఇల్లు కొంటున్న ప్రతి ఒక్కరికీ నేను ఈ సంగతి చెబుతాను. నీరు దిగడం మొదలయ్యాక కారును వదిలేయండి. మీటర్ల బోర్డు కూడా కిందే ఉంటే ఆ నీళ్లలో కరెంటు ఉందనే అనుకోండి.

అడ్డుకట్ట వేసుకోవచ్చు కదా అని ఆయన అడిగారు. కొంతవరకు వేసుకోవచ్చు. కానీ నీటి ఒత్తిడి లోతుతో పాటు ఊహించనంతగా పెరుగుతుంది. గోడకు 1 మీటరు ఎత్తున నీరు ఆనితే ప్రతి మీటరు పొడవు మీదా అర టన్ను తోపు పడుతుంది. 2 మీటర్లైతే రెండు టన్నులు, అంటే నాలుగు రెట్లు. మామూలు ఇటుక గోడకు బయట 60 సెం.మీ. దాటాక నీటిని లోపలికి రానివ్వకుండా ఆపడం కన్నా రానివ్వడమే క్షేమం. గోడ కూలితే ఇంటినే పోగొట్టుకుంటాం. సెల్లార్ నేలకు కింది నుంచి కూడా తోపు ఉంటుంది. చుట్టూ నేలలో నీరు 2 మీటర్లు లేస్తే చదరపు మీటరుకు 2 టన్నులు పైకి తంతుంది. 20 సెం.మీ. కాంక్రీటు నేల బరువు అర టన్నే. వరద తగ్గగానే సెల్లార్‌ను ఒక్కసారిగా తోడేస్తే నేల ఉబ్బి పగిలేది ఇందుకే. బయటి నీరు తగ్గాక, రోజుకు మూడో వంతు చొప్పున తోడాలి.

పాలసీ చదివిన రాత్రి

"బీమా ఉంటే చాలు కదా మేడమ్, ప్రీమియం కూడా ఎక్కువేం కాదు" అన్నారాయన. కంపెనీ నుంచి ప్రీమియం అంచనా (కోట్) తెప్పించుకున్నారు, వివరాల పత్రం మాత్రం చదవలేదు. దాన్ని నాకు పంపమన్నాను. నేను బీమా ఏజెంటును కాను. అయినా ఈ పని నేనే ఎందుకు చేస్తానంటే, నీళ్లు ఏ దారిన వస్తాయో కొలిచినవాళ్లకే ఆ పత్రంలో ఏ వాక్యం దగ్గర ఆగాలో తెలుస్తుంది.

ఈ ఇంట్లోకి నీరు మూడు దారుల్లో వస్తుంది. ఒకటి, కల్వర్టు పొంగి రోడ్డు మీదుగా. రెండు, సెల్లార్ బాత్‌రూమ్ డ్రైనేజీ గొట్టంలోంచి వెనక్కి తన్ని. వీధి మ్యాన్‌హోల్ మూత సెల్లార్ నేల కన్నా రెండు మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, మధ్యలో వెనక్కి రాకుండా ఆపే వాల్వు లేదు. మూడు, గోడల్లోంచి, నేలలోంచి ఊరి. ఈ మూడింటినీ ఒక కాగితం మీద రాసుకుని పాలసీ పక్కన పెట్టుకున్నాను.

పాలసీలో వరద అంటే "నది, కాలువ, సరస్సు లేదా సముద్రం తన హద్దు దాటి పొంగడం" అని ఉంది. కల్వర్టు కిందికి వచ్చేది కాలువ నీరా, రోడ్డు మీద పారిన వాన నీరా? క్లెయిమ్ రోజున వాదనంతా ఈ మాట మీదే నడుస్తుంది. డ్రైనేజీ వెనక్కి తన్నడం మినహాయింపుల జాబితాలో ఉంది. అదనపు ప్రీమియంతో చేర్చుకోవచ్చు, కోట్‌లో మాత్రం చేర్చలేదు. భూగర్భ జలం ఊరడం పూర్తిగా మినహాయింపు. సెల్లార్‌లోని సామాన్లకు రక్షణ లేదు. మూడు దారుల్లో ఒకటి అనుమానం, ఒకటి కొనాల్సింది, ఒకటి లేనే లేదు. ప్రీమియం కట్టి పాలసీ దగ్గర పెట్టుకున్నా ఆ ఇంట్లోకి నిజంగా వచ్చే నీటికి అది పనికొచ్చేది కాదు.

నిర్వచనం మీద ఇంత పట్టు దేనికని అనిపించవచ్చు. 2010–11లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ మునిగినప్పుడు ఒక్కో కంపెనీ పాలసీలో వరద అనే మాటకు ఒక్కో అర్థం ఉంది. వాన నీరైతే ఇస్తాం, నది నీరైతే ఇవ్వం అన్న పాలసీలు పట్టుకుని బ్రిస్బేన్ వాసులు ఎందరో ఖాళీ చేతులతో మిగిలారు. ఆ అనుభవంతోనే 2012లో అక్కడి ప్రభుత్వం ఇళ్ల పాలసీలన్నిటికీ వరదకు ఒకే నిర్వచనాన్ని తెచ్చింది. అమెరికా జాతీయ వరద బీమా పథకంలో వరద అనిపించుకోవాలంటే మామూలుగా పొడిగా ఉండే నేల రెండెకరాలైనా మునగాలి, లేదా రెండు ఆస్తులైనా మునగాలి. ఒక్క మీ సెల్లార్‌లోకే డ్రైనేజీ తన్నుకొస్తే అది ఆ లెక్కలోకి రాదు. పైగా ఆ పాలసీ మామూలుగా కొన్న 30 రోజులకు గానీ అమల్లోకి రాదు. తుఫాను వార్త విని పరుగెత్తితే లాభం లేదు. ఫ్రాన్స్‌లో 1982 చట్టం ప్రకారం ప్రకృతి విపత్తు రక్షణ ఇంటి బీమాతో పాటే వస్తుంది, కానీ ప్రభుత్వం ఆ ఊరిని విపత్తు ప్రాంతంగా గుర్తిస్తేనే చెల్లింపు. భారతదేశంలో 2021 నుంచి ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో వరద, నీటి ముంపు మొదటి నుంచే కలిసి ఉంటాయి. బ్రిటన్‌లో ముంపు ఇళ్లకు బీమా అందుబాటులో ఉంచేందుకు 2016లో మొదలైన ఫ్లడ్ రీ పథకం 2009 జనవరి 1 తర్వాత కట్టిన ఇళ్లను తీసుకోదు, ముంపు నేలల్లో కొత్త ఇళ్లను ప్రోత్సహించకూడదని. కొత్త ఇల్లు కాబట్టి బీమా సులువని ఎవరూ అనుకోకూడదు. ఎక్కడి నియమం అక్కడిది. పక్క ఊరివాళ్లకి వచ్చిన క్లెయిమ్ మనకు హామీ కాదు.

ఇంకో పొరపాటు బీమా మొత్తం విషయంలో జరిగింది. వాళ్లు ఇల్లు కొనే ధరలో సగానికి కాస్త పైగా వేశారు, నేల విలువ తీసేయాలని ఎవరో చెబితే. నేల విలువ తీసేయడం సరైనదే. వేయాల్సింది మాత్రం ఆ ఇంటిని ఇవాళ మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చు, శిథిలాలు తొలగించడానికి అయ్యేదానితో సహా. తిరిగి కట్టడానికి 100 అవుతుంటే 60కే బీమా చేశారనుకోండి. 30 నష్టం వస్తే చాలా పాలసీల్లో చేతికొచ్చేది 18 మాత్రమే, తక్కువకు చేసిన నిష్పత్తిలో కోత పడుతుంది. అందులోంచి మనం ముందుగా భరించాల్సిన మొత్తం మళ్లీ తీసేస్తారు. ఈ కోత ఉండదని రాసిన పాలసీలూ ఉన్నాయి, అడిగి తీసుకోవాలి. సామాన్లకు వేరే మొత్తం, ఇల్లు బాగయ్యేదాకా అద్దె ఖర్చు వేరే అంశం.

అమ్మేవాళ్లను రాతపూర్వకంగా రెండు ప్రశ్నలు అడగమన్నాను: ఈ ఇంటి మీద ఇంతకుముందు నీటి నష్టానికి క్లెయిమ్ చేశారా? ఏ కంపెనీ అయినా రెన్యువల్ నిరాకరించిందా? ఏజెంటు ఫోన్లో చాలాసేపు మాట్లాడాడు, రాతపూర్వకంగా మాత్రం ఏమీ ఇవ్వలేదు. దంపతులు ఆ ఇల్లు వద్దనుకుని వెనక్కి తగ్గారు.

ఆ ఇల్లు రెండు నెలల్లో వేరేవాళ్లకు అమ్ముడుపోయింది. దంపతుల అనుమతితో నా రిపోర్టు ప్రతి ఒకటి ఏజెంటుకు ఇచ్చాను. కొన్నవాళ్ల చేతికి అది చేరిందని నాకు నమ్మకం లేదు. ఆ వీధి మీదుగా వెళ్లినప్పుడల్లా ఆ ర్యాంపు వైపే చూస్తాను.

నీలం రంగు పడిన స్థలం

నది పక్క స్థలం చూద్దామని నేనే అన్నాను. ఆవిడ ఆశ్చర్యపోయారు. "అది మునుగుతుందని ప్రభుత్వమే చెప్తోంది కదా?" అవును. అందుకే దాని గురించి మనకు ఎక్కువ తెలుసు. 1 శాతం వరద అక్కడ ఏ మట్టానికి వస్తుందో లెక్కకట్టి ప్రకటించారు. స్థలం నేల దానికన్నా 1.1 మీటర్లు కింద ఉంది. ఆ నది పెద్దది, నెమ్మదిగా పొంగుతుంది. ఎగువన వాన పడిన చాలా గంటలకు గానీ ఇక్కడ మట్టం లేవదు, హెచ్చరిక ముందే వస్తుంది. కాలనీ వీధిలో వాన మొదలైన ముప్పావుగంటకే నీరు గడప దగ్గరుంటుంది.

నేను ముందు వెతికింది ఇంకొకటి. నీరు అక్కడ నిలుస్తుందా, పారుతుందా? పారే దారిలో ఇల్లు కట్టకూడదు. చాలాచోట్ల అనుమతి కూడా ఇవ్వరు. 15 సెం.మీ. లోతున వేగంగా పారే నీరే పెద్దవాళ్లను పడగొట్టగలదు, 60 సెం.మీ. లోతైతే చాలా కార్లను లాక్కుపోతుంది. స్తంభాల చుట్టూ మట్టిని తోడేస్తుంది. ఈ స్థలం నది అంచుకు దూరంగా, పొంగిన నీరు వెనక్కి తన్ని మెల్లగా పరుచుకునే పక్కన ఉంది. పాత కంచె స్తంభాలకు చిక్కిన చెత్తాచెదారం ఒకే మట్టంలో వదులుగా ఉంది. ప్రవాహం ఉంటే అది ఒక వైపుకే బిగుసుకుని ఉండేది. అది చూశాకే కొనవచ్చన్నాను.

గడప ఎత్తు ఎంత? ప్రకటించిన మట్టానికి 1.1 మీటర్లు, దానిపైన 60 సెం.మీ. అదనం. మొత్తం నేల నుంచి 1.7 మీటర్లు. ఆ అదనం ఎందుకంటే లెక్కలో తప్పులుంటాయి, అలలుంటాయి, వానలూ మారుతున్నాయి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకుంటుంది. పాత రికార్డులతో గీసిన మట్టాన్ని చివరి మాటగా తీసుకోలేం.

1.7 మీటర్లంటే పదకొండు మెట్లు. అమ్మగారు నాలుగు మెట్లు ఎక్కలేరు. చర్చ ఇక్కడ ఆగిపోయింది. ఎత్తు తగ్గించమని ఆయన, తగ్గించనని నేను. చివరికి ర్యాంపు గీశాం. చక్రాల కుర్చీకి పనికొచ్చే వాలు 12కి 1, అంటే 20 మీటర్లకు పైగా పొడవు. స్థలం 30 మీటర్ల పొడుగు కావడంతో ప్రక్క గోడ వెంట వెళ్లి తిరిగి వచ్చేలా రెండు మడతలుగా, మధ్యలో నిలబడేందుకు చదునుతో పట్టింది. ముందు గది కాస్త చిన్నదైంది. ఆవిడ ఒప్పుకున్నారు.

మట్టి నింపి ఎత్తు చేద్దామని మేస్త్రి అన్నాడు, ఖర్చు తక్కువని. నేను వద్దన్నాను. మన స్థలంలో నింపిన మట్టి ఎంత చోటు తీసుకుంటే అంత నీరు పక్కవాళ్ల మీదికి పోతుంది. స్తంభాల మీద కట్టి కింద తెరిచి ఉంచాం. ప్రహరీ కూడా నిండు గోడ కాదు, నీరు వచ్చిపోయేలా ఇనుప జాలీ. మీటరు, మోటారు స్టార్టరు, ఇన్వర్టరు అన్నీ పై మట్టంలో. వైర్లు పైనుంచి కిందికి దిగుతాయి. డ్రైనేజీకి వెనక్కి తన్నకుండా వాల్వు. సంపు మూతకు రబ్బరు అంచు బిగించి బోల్టులు, నీరు కలుషితం కాకుండా. గడప కింద ఎక్కడా చెక్క, ప్లైవుడ్ లేవు.

బీమా కంపెనీ మొదట జోన్ పేరు చూసి భారీ ప్రీమియం చెప్పింది. మట్టాల పట్టిక, ఫొటోలు, గడప ఎత్తు ధ్రువపత్రం పంపాక తగ్గించింది. ఈసారి నీళ్లు వచ్చే దారి ఒక్కటే, నది పొంగడం. పాలసీ నిర్వచనంలో అది స్పష్టంగా ఉంది. కట్టే కాలానికి వేరే పాలసీ తీసుకున్నారు, సగం కట్టిన ఇంటికి ఇంటి బీమా వర్తించదు కాబట్టి. స్తంభాల కింది ఖాళీలో పెట్టే వస్తువులకు రక్షణ లేదని పాలసీలో ఉంది. ఆ వాక్యం కింద గీత గీసి ఇచ్చాను.

మూడో ఏడు

గృహప్రవేశమైన మూడో వానాకాలంలో నది పొంగింది. హెచ్చరిక ముందు రోజు సాయంత్రమే వచ్చింది. ఆ రాత్రే అమ్మగారినీ పిల్లల్నీ బంధువుల ఇంటికి పంపేశారు. తెల్లారేసరికి స్తంభాల మధ్య నీరు 90 సెం.మీ., గడపకు ఇంకా 80 సెం.మీ. కింద. నీరు తగ్గాక ఒక రోజంతా ఒండ్రు ఎత్తిపోశారు. ఇంట్లో ఒక్క స్విచ్చు కూడా పాడవలేదు.

కానీ మూడేళ్లలో కింది ఖాళీ మెల్లగా కొట్టుగా మారింది. స్కూటరు, పిల్లల సైకిళ్లు, పాత బీరువా, అందులో ఆవిడ తల్లిగారి పాత ఫొటోల ఆల్బమ్‌లు. క్లెయిమ్ రాలేదు, వస్తుందని వాళ్లూ అనుకోలేదు. ఆల్బమ్‌లకు ఎలాగూ వెల కట్టలేం. ఆ ఫొటోలు నీడన ఒక్కొక్కటిగా విడదీసి ఆరబెట్టడం నేర్పాను. సగం దాకా దక్కాయి.

నేను చేసిన తప్పు ఇంకొకటి. ఇంటి నుంచి పెద్ద రోడ్డుకు 400 మీటర్ల దారి ఉంది. మధ్యలో ఒకచోట స్థలం నేల కన్నా 60 సెం.మీ. పల్లం. నేను దాని మట్టం తీయలేదు. అక్కడ ఒకటిన్నర మీటర్ల నీరు రెండు రోజులు నిలిచింది. ఇంటి కాపలాకని ఆగిపోయిన ఆయన ఆ రెండు రోజులూ ఒంటరిగా, దారి లేక లోపలే చిక్కుకున్నారు. "ఇల్లు పొడిగానే ఉంది మేడమ్, ఇంటికే వెళ్లలేకపోయాం" అన్నారావిడ ఫోన్లో. అమ్మగారు ఆ రాత్రి కదలకుండా ఉండి ఉంటే, ఆమెకు ఏదైనా అవసరం పడి ఉంటే అన్న ఆలోచన నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

నీరు దిగాక మళ్లీ ఆటో లెవెల్ తీసుకుని వెళ్లాను. పెద్ద రోడ్డు దాకా ప్రతి 20 మీటర్లకూ మట్టం తీసి, ఆ పల్లం దగ్గర కరెంటు స్తంభానికి ఎర్ర రంగుతో గీత పెట్టాం. ఆ గీతకు నీరు వచ్చేలోపు ఇంట్లోవాళ్లంతా బయటపడాలి. నది మట్టం కొలిచే గేజీ దగ్గర ఆ మట్టం ఎంతకు సమానమో లెక్కకట్టి ఫ్రిజ్ తలుపు మీద అంటించారు. ఇప్పుడు నా రిపోర్టులో గడప ఎత్తు పక్కనే ఇంకో గడి ఉంటుంది: పెద్ద రోడ్డు దాకా దారిలో అన్నిటికన్నా పల్లమైన చోటు మట్టం.